మెత్తని స్ప్రింగు

హార్లో ఫెర్రీ అనే కొండ ఊళ్లో తుపాకీ చెడిపోతే ఎల్డన్ స్ప్రేగ్ దగ్గరికి వెళ్లాలి, దగ్గర్లో వేరే దారి లేదు. అలాగని ఎవరూ సంతోషంగా వెళ్లేవారు కాదు. పనిలో వంక పెట్టడానికి లేదు. అరిగిపోయిన తాత కాలం తుపాకీని కూడా పెళ్లికొడుకులా తయారుచేసి ఇస్తాడు. బాధల్లా అతని ప్రశ్నలతోనే. ఎందుకు, ఎవరికోసం, ఇంట్లో ఎవరెవరుంటారు, ఈ మధ్య నిద్ర సరిగ్గా పడుతోందా? తుపాకీ బల్ల మీద పెట్టినవాడిని సంబంధం చూడవచ్చిన మేనమామలా ఆరా తీసేవాడు.

"వాడి దగ్గర స్ప్రింగు మార్పించుకోవడం కన్నా పాస్టర్ దగ్గర పాపాలు చెప్పుకోవడం తేలిక," అని కెఫేలో నవ్వుకునేవారు.

ఎల్డన్ ఆ ఊరివాడే. తండ్రి రంపపు మిల్లులో పనిచేశాడు. ఎల్డన్ కొన్నాళ్లు కొండ మీది గనిలో యంత్రాలు చూశాడు. గని మూతపడ్డాక కొలరాడోలో రెండేళ్లు ఈ పని నేర్చుకుని వచ్చి, నది ఒడ్డున పాతబడి వదిలేసిన వెన్న తయారీ కేంద్రంలో దుకాణం పెట్టాడు. మొదట్లో అతనికీ ప్రశ్నలేమీ ఉండేవి కావు. వచ్చినవాళ్లతో చేపల గురించి, మంచు గురించి మాట్లాడి పని అందుకునేవాడు.

ఆ అలవాటు మార్చింది గార్త్ నీల్సన్. పంతొమ్మిదేళ్ల కిందటి మాట. గార్త్ అతనితో కలిసి చదువుకున్నవాడు, ఎగువన పశువుల మంద ఉండేది. తండ్రి నాటి రివాల్వర్ తెచ్చి, "ట్రిగ్గర్ మరీ బిగుసుగా ఉంది, వేలు నొప్పెడుతోంది, కాస్త తేలిక చెయ్యి," అన్నాడు. ఎల్డన్ రెండు రోజులు కూర్చుని స్ప్రింగులు మార్చి, లోపలి అంచులు నునుపు చేసి ఇచ్చాడు. తన చేతిమీదుగా అంతకన్నా చక్కని పని జరగలేదని అప్పుడు మురిసిపోయాడు కూడా. పది రోజుల తర్వాత షెరిఫ్ మనిషి అదే రివాల్వర్‌ను కాగితపు సంచిలో తెచ్చి, "ఈ పని నీదేనా?" అని అడిగాడు. గార్త్‌ను అప్పటికే శవపేటికలో పెట్టేశారు. భార్య, ఎందుకలా చేసుకున్నాడో తెలియక ఏడుస్తోంది.

పాలు తాగి మూతి కాల్చుకున్న పిల్లి మజ్జిగను కూడా ఊదుకుని తాగుతుందంటారు. ఎల్డన్ అప్పటినుంచి ప్రతి మనిషినీ ఊదడం మొదలుపెట్టాడు.

ఓపల్ రిగ్బీ ఆ దుకాణానికి వచ్చింది మార్చి మొదటి వారంలో. రోడ్ల పక్కన మంచు ఇంకా నల్లగా పేరుకుని ఉంది. ఆమెకు డెబ్బై ఏళ్లు. ముప్పై ఏళ్లపాటు స్కూలు బస్సు నడిపింది. ఎల్డన్ ఆరేళ్ల పిల్లాడిగా ముక్కు చీదుకుంటూ ఎక్కింది ఆమె బస్సే. భర్త వెర్ల్ కిందటి అక్టోబరులో గుండె ఆగి పోయాడు. ఒక్క కూతురు, బాయిసీలో ఉంటుంది.

"ఏరా ఎల్డన్, ఈ చొక్కా నీకు ఐదో తరగతిలో ఉన్నదే కదూ?" అంటూ లోపలికి వచ్చి, చేతిరుమాలులో చుట్టిన రివాల్వర్‌ను బల్ల మీద పెట్టింది. వెర్ల్‌ది. పాతది, బరువైనది. పక్కనే సగం ఖాళీ అయిన తూటాల పెట్టె పెట్టింది. "ట్రిగ్గర్ లాగలేకపోతున్నా. తేలిక చేసిపెట్టు."

ఎల్డన్ రివాల్వర్ తెరిచి, ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, ఆమె చేతికిచ్చాడు. "ఏదీ, ఆ ఇసుక పీపా వైపు పెట్టి ఒకసారి లాగండి."

ఆమె లాగింది. ట్రిగ్గర్ సగం దాకా వచ్చి ఆగిపోయింది. మణికట్టు వణికింది. పిడిని బిగించి పట్టాల్సిన బొటనవేలి కీలు వాచి, నిమ్మకాయంత ఉంది. ముప్పై ఏళ్లు బస్సు గేర్లు మార్చిన చేయి అది. అక్కడిదాకా అనుమానించడానికేమీ లేదు.

"దేనికి మిసెస్ రిగ్బీ, ఇప్పుడీ రివాల్వర్?"

"నక్కలకి."

"నక్కలకి రైఫిల్ కదా వాడతారు. వెర్ల్ రైఫిల్ ఉండాలే?"

"ఇచ్చేశా."

"ఎవరికి?"

"ఒకళ్లకి." ఆమె అతన్ని కాకుండా గోడ మీది క్యాలెండర్‌ను చూస్తోంది. "నువ్వేమన్నా షెరిఫ్‌వా? చేస్తావా, చెయ్యవా?"

"చేస్తాను, చేస్తాను. కోడిపెట్టలెలా ఉన్నాయి? నక్కలు వాటికోసమేనా వస్తున్నాయి?"

"కోళ్లు లేవు. అవీ ఇచ్చేశా," అంది ఓపల్. వెంటనే నోరు జారినట్టు పెదాలు బిగించి, "శుక్రవారం వస్తా," అని వెళ్లిపోయింది.

కోళ్లు లేని ఇంటికి నక్కలెందుకు వస్తాయి? ఎల్డన్ మెదడులో ఆ ముల్లు గుచ్చుకుంది, మరి ఊడి రాలేదు. సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి వంటగదిలో గాజు జాడీల పెట్టెలు కప్పు దాకా పేర్చి ఉన్నాయి. వాటి పైన పెద్ద పచ్చళ్ల బాన.

"ఎక్కడివివి?" అని భార్యను అడిగాడు.

"ఓపల్ తెచ్చిచ్చింది," అంది డోరీన్ సంబరంగా. "ఇక నాకు అక్కర్లేదు, నువ్వు వాడుకో అంది. చర్చికి కుట్టుమిషను ఇచ్చేసిందట. ఎంత మంచి మనసో!"

ఎల్డన్‌కు గార్త్ గుర్తొచ్చాడు. గార్త్ కూడా చివరి వారంలో తన జీను ఎవరికో ఇచ్చేశాడు. అప్పుడెవరూ దాన్ని పట్టించుకోలేదు.

గురువారం అతను రివాల్వర్ పక్క పలక విప్పాడు. ట్రిగ్గర్‌కు కొలత కాటా తగిలించి లాగితే పన్నెండున్నర పౌన్లు చూపించింది. లోపల సుత్తిని కొట్టించే పెద్ద స్ప్రింగు ఒకటి, ట్రిగ్గర్‌ను తిరిగి ముందుకు తెచ్చే చిన్న స్ప్రింగు ఒకటి. ఆ రెండింటినీ కాస్త మెత్తనివాటితో మారిస్తే తొమ్మిది పౌన్లకు దిగుతుంది. అంతకన్నా దించడం మంచిది కాదు. స్ప్రింగు మెత్తనైన కొద్దీ ట్రిగ్గర్ వేలికి హాయిగా ఉంటుంది, కానీ సుత్తి దెబ్బలో పస తగ్గుతుంది. తూటా అడుగున ఉండే చిన్న బిళ్ల గట్టిగా దెబ్బ తగిలితేనే నిప్పు రాజేస్తుంది. అందులోనూ వెర్ల్ దాచిన పాత తూటాల బిళ్లలు మొండివి.

ఎల్డన్ తొమ్మిది పౌన్ల స్ప్రింగులు చేతిలోకి తీసుకున్నాడు. కాసేపు చూశాడు. మళ్లీ డబ్బాలో వేసేశాడు. అరలో వెనకనుంచి మరో డబ్బా తీశాడు. గురి పోటీలవాళ్లు, తమ తూటాలు తామే మెత్తని బిళ్లలతో తయారుచేసుకునేవాళ్లు, వాడే స్ప్రింగులవి. అన్నిటికన్నా మెత్తనివి. అవి బిగించాడు. కాటా ఆరున్నర చూపించింది. ఓపల్ పెట్టెలోనుంచి ఆరు తూటాలు నింపి, ఇసుక పీపాలోకి పెట్టి వరసగా లాగాడు.

టిక్. టిక్. ఆరుసార్లూ టిక్కే. తీసి చూస్తే ఒక్కో బిళ్ల మీద సబ్బు మీద గోరు పెట్టినంత గుంట.

ఇరవై ఆరేళ్లలో పేలని తుపాకీని అతను ఎవరి చేతికీ ఇవ్వలేదు. ఆ రోజు మాత్రం పలక మూసి, మరలు బిగించి, నూనె తుడిచి పక్కన పెట్టాడు. గుండె మీద బరువు దిగినట్టనిపించింది.

శుక్రవారం ఓపల్ వచ్చి ఖాళీ రివాల్వర్‌ను పీపావైపు పెట్టి లాగి చూసుకుంది. ముఖం విప్పారింది. "అబ్బ! వెన్నలో వేలు పెట్టినట్టుంది కదరా! కాల్చి చూశావా?"

"చూశాను," అన్నాడు ఎల్డన్.

మాటకు మాట సరిపోయింది, అబద్ధం అనడానికి లేదు. ఆమె మరేమీ అడగలేదు. తన బస్సులో పెరిగిన పిల్లాడి పని కదా, మళ్లీ కాల్చి చూసుకోవడమెందుకు, తూటాలు దండగ, బొటనవేలికి నొప్పి అనుకుంది. చేతిరుమాలులో చుట్టుకుని వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఎల్డన్‌కు అదొక పనైపోయింది. రొట్టెకు వెళ్లినా, పోస్టాఫీసుకు వెళ్లినా ఓపల్ ఇంటి ముందునుంచే చుట్టూ తిరిగి వచ్చేవాడు. ఏప్రిల్లో ఆమె వంటగది తెరలు తీసేసింది. మే నెలలో వెర్ల్ బూట్లు, కోట్లు పెట్టెల్లో పెట్టి వాకిట్లో ఉంచింది. ఒక మధ్యాహ్నం ఆ వాకిట్లో పీట్ ఒలాబారియా ట్రక్కు కనిపించింది.

పీట్ బాస్క్ జాతివాడు, స్పెయిన్ కొండలనుంచి వలస వచ్చిన కాపరుల సంతతి. తాతల నాటినుంచీ గొర్రెలు, మేకలు. భార్య పోయి ఏడేళ్లు. ఓపల్‌కు గట్టు మీదున్న పచ్చిక బయలు మీద ఊళ్లో ఎవరికి కన్ను లేదు కనక? ఎల్డన్ అనుమానం ఒక కొమ్మ మీదినుంచి ఇంకో కొమ్మ మీదికి దూకింది. ముసలావిడ దుఃఖంలో ఉంది, వీడు చేరి కాగితాల మీద సంతకాలు పెట్టించుకుంటున్నాడు. లేకపోతే అన్నీ పంచిపెట్టడమేమిటి?

కెఫేలో పీట్ ఒంటరిగా సూప్ తాగుతుంటే వెళ్లి ఎదురుగా కూర్చున్నాడు.

"ఓపల్ ఇంటికి వెళ్తున్నట్టున్నావు?"

పీట్ చెంచా ఆపలేదు. "వెళ్తున్నా."

"ఎందుకో?"

"ఎందుకంటే ఆమె పిలిచింది కాబట్టి."

"ఎందుకు పిలిచింది?"

"చూడు ఎల్డన్," అని పీట్ మూతి తుడుచుకున్నాడు, "ఎవరికీ చెప్పనని ఆమెకి మాటిచ్చా. నా దగ్గర తుపాకీ కూడా లేదిప్పుడు, నువ్వెందుకు ప్రశ్నలేస్తున్నావు?"

పక్క బల్లల వాళ్లు పకాలున నవ్వారు. ఎల్డన్ చెవులు ఎర్రబడ్డాయి. కానీ 'చెప్పనని మాటిచ్చా' అన్నమాట మాత్రం ఇంటిదాకా వెంట వచ్చింది. దాచేంత సంగతి ఏదో ఉందన్నమాట.

జూన్ మొదట్లో ఓపల్ కనిపించకుండా పోయింది. రెండు రోజులు చూశాడు, మూడు రోజులు చూశాడు. నాలుగోరోజు వెళ్లి తలుపు తట్టాడు. పలుకు లేదు. కిటికీలోంచి చూస్తే ఇల్లు కడిగిన పళ్లెంలా ఉంది. మంచం మీద దుప్పటి మడత నలగలేదు. ఆమె కుక్క టక్కర్ కూడా లేదు. షెరిఫ్ ఆఫీసుకు ఫోన్ చేశాడు. వాళ్ల మనిషి వచ్చి చూసి, "ట్రక్కు లేదు, కుక్క లేదు, ఇల్లు తాళం వేసుంది. ఊరెళ్లి ఉంటుంది మిస్టర్ స్ప్రేగ్," అని వెళ్లిపోయాడు.

రాత్రి భోజనాల దగ్గర ఎల్డన్ తనకు తాను ధైర్యం చెప్పుకుంటున్నట్టు, "ఏమైనా సరే, ఆ రివాల్వర్ మాత్రం పేలదులే," అన్నాడు.

డోరీన్ బంగాళాదుంపలు వడ్డిస్తున్నదల్లా ఆగింది. "పేలదంటే?"

చెప్పాడు. గార్త్ జీను సంగతి, కోళ్ల సంగతి, జాడీల సంగతి, ఆరు టిక్కుల సంగతి. ఆమె మెచ్చుకుంటుందనే లోలోపల అనుకున్నాడు.

"ఆమెకి తెలుసా?" అంది డోరీన్.

"తెలిస్తే ఇంక లాభమేముంది?"

"అంటే ఆమె తన దగ్గర తుపాకీ ఉందనుకుంటోంది." డోరీన్ గిన్నె కింద పెట్టేసింది. "ఎల్డన్, నువ్వనుకున్నది కాకపోతే? నిజంగానే దేనికోసమో దాన్ని నమ్ముకుని ఉంటే?"

"నక్కలంది. కోళ్లే లేవు."

"నీకు అబద్ధం చెప్పింది సరే. నీ దగ్గర నిజం చెప్పాలని ఎవరికుంటుంది? పోలీసువాడిలా నిలదీస్తావు. రేపే వెతుకు. వెతికి చెప్పు."

ఎల్డన్ చెంచా కింద పెట్టాడు. ఈ వైపునుంచి అతను ఒక్కసారి కూడా ఆలోచించలేదు. పొద్దున్నే పీట్ ఇంటికి వెళ్లాడు. పీట్ లేడు, సరుకులు తీసుకుని కొండల్లోకి వెళ్లాడని, నెల దాటితే గానీ రాడని పక్కింటివాళ్లు చెప్పారు. ఏ కొండలో వాళ్లకీ తెలియదు. బాయిసీలో ఉన్న కూతురికి ఫోన్ చేస్తే, "అమ్మ స్నేహితురాలింటికి వెళ్లింది కదా, నాకు కార్డు కూడా రాసింది," అంది. ఏ స్నేహితురాలో చెప్పలేకపోయింది. ఎల్డన్ అడవి రోడ్ల వెంట మూడు రోజులు ట్రక్కు తిప్పి, ఉత్త చేతులతో తిరిగొచ్చాడు.

జూలై రెండోవారం, పొద్దున పదిగంటలప్పుడు, దుకాణం తలుపు తెరుచుకుంది. ఓపల్ రిగ్బీ. ఎండకు కమిలిపోయి, బూట్ల నిండా ఎర్రమన్నుతో, ఎడమ చేతికి మోచేతినుంచి మణికట్టు దాకా కట్టుతో.

ఎల్డన్‌కు మొదట సంతోషమే కలిగింది. "మిసెస్ రిగ్బీ! బతికే..."

"బతికే ఉన్నా. నీ చలవ కాదు." ఆమె జేబులోంచి ఆరు తూటాలు తీసి బల్ల మీద ఒక్కొక్కటే నిలబెట్టింది. "తిప్పి చూడు."

తిప్పి చూడనవసరం లేకపోయింది. అయినా ఒకదాన్ని తిప్పాడు. బిళ్ల మీద గోటిగుంట.

"ఎక్కడ?" అన్నాడు.

"కుదురుగా విను." ఆమె నిలబడే చెప్పింది. "పీట్ మేకలు ఏడువందలు. కొండల మీద కలుపు మొక్కలు తినిపించడానికి వేసవంతా తిప్పుతారు. కాపరి దొరక్క అవస్థపడుతుంటే నేనొస్తానన్నా. ఆ ఇంట్లో వెర్ల్ కుర్చీని చూస్తూ ఇంకో రోజు కూడా కూర్చోలేను. నా కూతురికి తెలిస్తే పోనివ్వదు, అందుకే ఎవరికీ చెప్పొద్దన్నా. డేరా బండిలో బతికేదానికి కోళ్లెందుకు, జాడీలెందుకు? రైఫిల్ మోసుకుని ఆ రాళ్లెక్కలేను. అందుకు రివాల్వర్."

ఎల్డన్ చేతిలోని తూటాను బల్ల మీద పెట్టాడు.

"పదిహేను రోజులైంది. అప్పుడే తెల్లవారుతోంది. పొయ్యి మీద రొట్టె గిన్నె పెట్టా. మేకలన్నీ ఒక్కసారి ఒక మూలకి తోసుకున్నాయి. చూస్తే కొండపులి. ఒక మేకపిల్లని నోట కరుచుకునుంది. టక్కర్ మీదపడ్డాడు. అది మేకపిల్లని వదిలి వాణ్ణి పట్టుకుంది. నాకూ దానికీ ఎనిమిది అడుగులు. అంత దగ్గర్లో గురి ఎలా తప్పుతుంది చెప్పు? గురిపెట్టా. లాగా. టిక్. మళ్లీ లాగా. ఆరుసార్లు. ట్రిగ్గర్ ఎంత తేలిగ్గా వచ్చిందనుకున్నావు! వెన్న!"

బల్ల మీద ఒరిగిన తూటాను ఆమె మళ్లీ నిలబెట్టింది.

"చివరికి ఇనప మూత విసిరా, కాలే గిన్నె చేత్తోనే ఎత్తి దాని మొహాన కొట్టా. పోతూ పోతూ చేతిని చీల్చి పోయింది. పదిహేడు కుట్లు. టక్కర్ అప్పటికే పోయాడు. పదకొండేళ్ల కుక్క. రాళ్ల కింద పెట్టి వచ్చా."

ఎల్డన్ నోటికి ఒక మాట వచ్చింది, తనకు తెలియకుండానే. "ఆ తూటాలు చాలా పాతవి..."

"అది నేనూ అనుకున్నా," అంది ఓపల్ వెంటనే. "నీమీద నాకున్న నమ్మకం అలాంటిది మరి. ఆ పెట్టెలోవే ఇంకో ఆరు, పీట్ వాళ్ల తమ్ముడి రివాల్వర్‌లో పెట్టి కాల్చాం. ఆరూ పేలాయి. ఇప్పుడు చెప్పు. పని చేతకాలేదా, చూసుకోలేదా? ఏదో ఒకటి చెప్పు, తిట్టి పోతా."

చూసుకోలేదని అంటే సరిపోయేది. తిట్టి వెళ్లిపోయేది. చేతకానివాడనే పేరు కొన్నాళ్లకు మాసిపోతుంది కూడా. ఎల్డన్ బల్లను రెండు చేతులా పట్టుకున్నాడు.

"రెండూ కాదు మిసెస్ రిగ్బీ. తెలిసే చేశాను. పేలకూడదనే మెత్తనివి వేశాను. కాల్చి చూశాను, ఆరూ టిక్కన్నాయి. అలాగే ఇచ్చాను."

ఓపల్ ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఎందుకూ?"

"మీరు అన్నీ పంచిపెడుతున్నారు. గార్త్ కూడా పోయేముందు తన జీను ఇచ్చేశాడు."

ఓపల్ అప్పుడు బల్ల పక్కనున్న పెట్టె మీద కూర్చుంది. గార్త్ నీల్సన్ కూడా ఆమె బస్సులో ఎక్కినవాడే. వెనక సీట్లో కూర్చుని ఎప్పుడూ కిటికీ తెరిచేవాడు.

"నన్ను అడగొచ్చు కదరా," అంది చివరికి.

"అడిగాను కదండీ. నక్కలన్నారు."

"దేనికి, ఎవరికి, ఎక్కడ అని అడిగావు. దొంగని అడిగినట్టు అడిగావు. 'ఓపల్, నీకు చచ్చిపోవాలనుందా' అని అడిగావా? నీకు నోరు రాలేదు. చెయ్యి మాత్రం వచ్చింది."



"అడిగుంటే చెప్పేదాన్ని," అంది ఆమె కొంచెం నెమ్మదిగా. "మార్చిలో అడిగితే లేదు, మేకల దగ్గరికి పోతున్నా అనేదాన్ని. జనవరిలో అడిగుంటే ఏం చెప్పేదాన్నో మాత్రం నాకే తెలీదు. జనవరిలో ఎవరూ అడగలేదు."

తర్వాత లేచింది. రివాల్వర్ తీసి బల్ల మీద పెట్టింది. "ఇప్పుడు సరిగ్గా చెయ్యి. నా ఎదురుగా. పెట్టింది పెట్టినట్టు చూపించు."

ఎల్డన్ పలక విప్పాడు. మెత్తని స్ప్రింగులు తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. తొమ్మిది పౌన్ల జత తీసి, ఏది ఏమిటో చెప్పి, బిగించాడు. కాటా ఆమె చేతికే ఇచ్చి లాగమన్నాడు. ఆమె ముల్లు ఎక్కడ ఆగిందో కళ్లద్దాలు పెట్టుకుని మరీ చూసింది. వెనక ఇసుక పీపా దగ్గర ఆమే కాల్చింది. కట్టు ఉన్న చేయి కింద ఆనించి, కుడిచేత్తో. ఆరు పేలాయి. మళ్లీ నింపింది. మళ్లీ ఆరు. వెంట తెచ్చిన పెట్టె ఖాళీ అయ్యేదాకా కాల్చింది. బొటనవేలు నొప్పికి కళ్లలో నీళ్లు తిరుగుతున్నా ఆపలేదు. ఒక్కటి కూడా తప్పిపోలేదు.

"సరే," అంది. "కొండ అవతలి ఊళ్లో ఇంకో పనివాడున్నాడటగా, వాడి పేరు రాసివ్వు. వాడికీ చూపించుకుంటా."

"మంచిదండీ," అని ఎల్డన్ కాగితం మీద పేరు, దారి రాసిచ్చాడు.

ఆ సాయంత్రమే ఓపల్ మేకల దగ్గరికి తిరిగి వెళ్లిపోయింది. డోరీన్ విషయమంతా విన్నది. ఆదివారం జాడీల్లో సగం పచ్చళ్లతో నింపి, ఎల్డన్‌ను తోడు తీసుకుని, పీట్‌ను దారి అడిగి కొండ ఎక్కింది. ఓపల్ డోరీన్‌ను కౌగిలించుకుంది. ఎల్డన్‌కు పార ఇచ్చి, డేరా బండి చక్రం కింద మట్టి ఎత్తమంది. ఎత్తాడు. రోజంతా ఆమె అతనితో పనికి సంబంధించిన మాటలే మాట్లాడింది. వచ్చేటప్పుడు టక్కర్ మీద పేర్చిన రాళ్లు చూపించింది. అక్కడ అతను టోపీ తీసి నిలబడ్డాడు.

ఆమె ఇంకా నాలుగు వేసవులు మేకలు కాసింది. కూతురు వచ్చి గోల చేసింది, రెండు రోజులు డేరాలో ఉండి చూసి, గొణుక్కుంటూ వెళ్లిపోయింది. రివాల్వర్‌ను మాత్రం ఓపల్ మళ్లీ ఎప్పుడూ ఎల్డన్ చేతికివ్వలేదు. ఏటా వసంతంలో కొండ అవతలి పనివాడి దగ్గరికే, డెబ్బై మైళ్లు, తీసుకెళ్లేది. దారిలో ఎల్డన్ దుకాణం ముందు ట్రక్కు ఆపి, "వెళ్తున్నానురా ఎల్డన్, సెప్టెంబరుదాకా రాను, నా కిటికీల్లోకి తొంగి చూడకు," అని కేకేసి వెళ్లేది. ఆ కేకలో కోపమెంతో, వేళాకోళమెంతో అతనికి చివరిదాకా అంతుపట్టలేదు. అంతకన్నా ఎక్కువ ఆశించే హక్కు తనకు లేదని మాత్రం తెలుసు.

ఊళ్లో సంగతి తెలిసి కొందరు అతని దగ్గరికి రావడం మానేశారు. అతనిచ్చిన తుపాకీలు ఇంటి వెనక మళ్లీ కాల్చి చూసుకున్నవాళ్లు ఇంకా ఎక్కువమంది. ఆ వేసవంతా నది ఒడ్డున చప్పుళ్లే చప్పుళ్లు. ఎల్డన్ ఎవరినీ తప్పుపట్టలేదు. వచ్చినవాళ్లను మునుపటిలా చుట్టూ తిప్పి ఆరా తీయడం మానుకున్నాడు. మనసులో ముల్లు కదిలిందంటే, తుపాకీ పక్కకు జరిపి, కళ్లలోకి చూసి, ఓపల్ నేర్పిన ఆ ఒక్క ప్రశ్న అడిగేవాడు. అలా అడగడం అతనికి తేలికేమీ కాలేదు.

చాలామంది నవ్వారు. ఒకాయన బూతులు తిట్టి తుపాకీ లాక్కుని పోయాడు. మూడో ఏడు నవంబరులో మాత్రం, మిల్లులో పని పోయిన ఒకతను, ట్రిగ్గర్ తేలిక చేయమని వచ్చి, ఆ ప్రశ్న వినగానే ఏమీ అనకుండా తలుపు దాకా వెళ్లాడు. గడియ మీద చేయి వేసి నిలబడ్డాడు. ఎల్డన్ పిలవలేదు, కదలలేదు. కాసేపటికి అతనే వెనక్కి వచ్చి, టోపీ తీసి బల్ల మీద పెట్టి, "అవును. ఏ దారీ లేకుండా తాళ్లతో కట్టేసినట్టుంది ఎల్డన్," అన్నాడు.

ఎల్డన్ దుకాణం తలుపుకు లోపలినుంచి గడియ వేసి, డోరీన్‌కు ఫోన్ చేసి, ఇద్దరికి భోజనం తెమ్మన్నాడు.